వినతిపత్రం మీద తొమ్మిది చేతులు

మా కమిటీ పేరు ఒక గుక్కలో పలికేది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల డిగ్రీ విద్యార్థుల ఐక్య కార్యాచరణ కమిటీ. ఐక్యత యాడన్నా ఉండిందంటే ఆ పేరులోనే ఉండింది. ఆ పేరు కోసం గూడా రెండు మీటింగులు కొట్లాడుకున్నాము. లెటర్‌హెడ్ మీద ఏ ఊరు ముందు రావాలనేది తకరారు. జమ్మలమడుగోళ్ళు అక్షరమాల ప్రకారం పోదామన్నారు. అట్ల పోతే వాళ్ళే ముందు గదా, అందుకని. అధ్యక్షుడు మా ఊరోడైనప్పుడు మా ఊరే ముందుండాలని పులివెందులోళ్ళు అన్నారు. అచ్చు వేయించేది మా ఊర్లో, తిరిగేది మేము, ఇంగ మాటలెందుకని ప్రొద్దుటూరోళ్ళం మేమన్నాము. ఆఖరికి మూడు పేర్లూ గుండ్రంగా వేయిద్దాం, అప్పుడు ముందూ ఎనకా ఉండదని ఎవురో అంటే అందరమూ చప్పట్లు కొట్టినాము. అచ్చయి వచ్చినాంక చూస్తే ప్రొద్దుటూరు పైన ఉండాది. గుండ్రంగా వేసినా పైన ఒకటి ఉంటాదని ఆ దినం ఎవురికీ తోచలేదు. నాకు తోచింది గానీ నేను చెప్పలేదు.

నేను ఆ కమిటీకి కార్యదర్శిని. అధ్యక్షుడు పులివెందులాయప్ప, మాట్లాడేది ఆయప్ప పని. ఉపాధ్యక్షుడు జమ్మలమడుగాయప్ప, మనుషుల్ని కూడగట్టేది ఆయప్ప పని. కాగితం రాసేది, ఇచ్చేది, ఇచ్చినట్టు ఆఫీసు నంబరు వేయించుకోని వచ్చేది నా పని. "ఆర్యా" నుంచి "తమ విధేయులు" దాకా ఒక్క తప్పు లేకుండా రాస్తానని మూడు ఊర్లల్లో నాకు పేరు. నేను రాసిన వినతిపత్రం చదివితే ఎవురికైనా కండ్లల్లో నీళ్ళు రావాల్సిందే, చదివితే. ఎవురన్నా చదివినట్టు మటుకు నాకు గుర్తు లేదు.

రాసేదానికి కష్టాలకేం కొదవ? కాలేజీ టైముకు బస్సు రాదు. పరీక్ష సెంటరు ఇంకో ఊర్లో వేస్తారు. ఆడపిల్లోళ్ళ బాత్రూముకు గడియ ఉండదు. రీవాల్యుయేషన్ రిజల్టు సప్లిమెంటరీ పరీక్ష రాసినాంక వస్తాది, అప్పుడు పాసయినావని తెలిస్తే ఏడవాలనో నవ్వాలనో అర్థం కాదు. ఇవన్నీ నిజమైన కష్టాలే. మేము వాటి కోసం నిజంగానే తిరిగినాము, చెప్పులు అరిగినాయి. అది గూడా చెప్పుకోకపోతే నాకు నేను అన్యాయం చేసుకున్నట్టయితాది.

అయితే మా పక్క వినతిపత్రం ఇచ్చేదానికి ఒక పద్ధతుండాది. ఇచ్చేటప్పుడు ఫోటో తీయాల. ఆ ఫోటోలో పోయిన ప్రతోడి చెయ్యీ కాగితానికి తగిలుండాల. ఎవురి చెయ్యి తగల్లేదో వాడు ఆ దినం ఇంట్లోనే పండుకున్నాడని వాని కాలేజీలో అనుకుంటారు. ఊరికి ముగ్గురి లెక్కన మేము తొమ్మిది మందిమి పోతాము, కాగితం ఒకటే. ఒకడు అంచు పట్టుకుంటాడు, ఒకడు మూల పట్టుకుంటాడు, పొట్టోడు కింద నుంచి వేలు పెడతాడు. తీసుకునే ఆఫీసరుకు పట్టుకునే జాగా ఉండదు. అది చాలదని ఊరికొక ఫోటో. ప్రొద్దుటూరు గ్రూపులో పెట్టేదాంట్లో ప్రొద్దుటూరోడు నడుమ ఉండాల, పులివెందుల గ్రూపుకు పులివెందులోడు, జమ్మలమడుగుకు జమ్మలమడుగోడు. కాబట్టి ఒక్క కాగితాన్నే ఆఫీసరు మూడు సార్లు తీసుకోవాల. పాపం, వాళ్ళు గూడా మాకు అలవాటు పడిపోయినారు.

ఆ యేడు ఎండలు తగ్గే నాళ్ళల్లో జమ్మలమడుగులో మీటింగు పెట్టుకున్నాము. టీ తాగి లేస్తాండంగ ఒక పాప వచ్చింది. ఆ ఊరి కాలేజీలోనే బీఎస్సీ ఆఖరు పరీక్షలు రాసి బయటపడిన పాప. నాకంటే ఒక క్లాసు పెద్దది. అయినా నన్ను అన్నా అనింది. లీడరంటే అందరికీ అన్నే గదా, నేను గూడా కాదనలేదు. ఆ పాప కష్టమేందంటే, ఒక ల్యాబ్ పేపరు మార్కులు కాలేజీ నుంచి కంప్యూటర్లో ఎక్కించల్యా. అందుకని యూనివర్సిటీలో రిజల్టు ఆపి పెట్టినారు. ఇంకా నలుగురికి అట్లనే ఆగింది గానీ వాళ్ళకు తొందర లేదు. ఈ పాపకుండాది. బీఎడ్ ఎంట్రెన్సు రాసింది, మంచి ర్యాంకొచ్చింది, ఆఖరు విడత కౌన్సెలింగుకు మార్కుల మెమో పెట్టాల. గడువు లోపల పెట్టకపోతే సీటు పాయ, ఇంగ మళ్ళ ఏడాదికే.

"మా తాత చర్చోళ్ళ మిషను బళ్ళో అయివారు అన్నా," అని చెప్పింది. "మా నాయన చదవల్యా, గోడలు కట్టే బేల్దారి పనికి పోతాడు. మా యమ్మ మా ఊరి బళ్ళో పిల్లోళ్ళకు మధ్యాహ్నం అన్నం వండుతాది. ఆ బళ్ళో టీచర్లకు నీళ్ళిచ్చీ ఇచ్చీ, మా ఇంట్లో నుంచి మళ్ళ ఒకరు ఆ కుర్చీలో కూసోవాలని ఆయమ్మకు. పొద్దున లేస్తే అదే మాట."

చేతిలో ఒక కవరుండాది. హాల్‌టికెట్ జిరాక్సు, సార్లు సంతకం పెట్టిన ల్యాబ్ మార్కుల షీటు, ర్యాంకు కార్డు, అన్నీ వరసగా పిన్ను కొట్టి పెట్టుకోనుండాది. మేము తొమ్మిది మందిమి కలిసినా ఏ కాగితాన్నీ అంత పొందికగా పెట్టింది లేదు. "నేనే కడపకు పోయి ఇచ్చి వచ్చేదా అన్నా?" అని అడిగింది.

నేను నవ్వినా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తాది. "నువ్వొక్కదానివి పోతే కౌంటర్లో ఎవురు పలుకుతారు మా? రేపు రా, మాపు రా అని తిప్పుతారు. కమిటీ తరపున పోతే ఆ బరువే వేరు. ఆ కవరు ఇట్ల ఇయ్యి," అన్నా. ఇచ్చింది. మర్చిపోవద్దన్నా అని గూడా అనల్యా.

ఆ పాప సంగతి మా వినతిపత్రంలో ఏడో డిమాండయింది. మొదటి మూడూ మూడు ఊర్ల డిమాండ్లు, వాటిని కదిలిస్తే మళ్ళ తకరారు. నాలుగు నుంచి ఆరు దాకా అధ్యక్షుడు ఉపన్యాసంలో చెప్పుకునేవి. ఏడోది చిన్నది, ఒక్క మనిషిది. కవరు ఎనక పిన్ను కొట్టినా.

వారం తిరక్కుండానే తొమ్మిది మందిమీ ఇస్త్రీ చొక్కాలేసుకోని కడపకు, యూనివర్సిటీకి పోయినాము. పరీక్షల ఆఫీసరు మంచోడే. కూసోండప్పా అన్నాడు. అధ్యక్షుడు లేచి నిలబడి, "సార్, విద్యార్థిలోకం రగిలిపోతాంది!" అన్నాడు. సారు అటెండరును పిలిచి ఫ్యాను పెంచమన్నాడు. ఉపన్యాసం అయినాంక ఫోటోలు. మొదట ప్రొద్దుటూరుది అయిపాయ. తర్వాత పులివెందులది అయిపాయ. జమ్మలమడుగోళ్ళు నడుమకు జరుగుతాండంగ సారు ఫోను మోగింది. పైన మీటింగుకు పిలుస్తాండారని లేచి, "కాగితం టేబుల్ మీద పెట్టి, టపా కౌంటర్లో నంబరు వేయించుకోని పోండప్పా," అని చెప్పి ఎల్లిపోయినాడు.

ఇంగ చూడు రచ్చ. "మా ఊరికి నేనేమని చెప్పుకోవాల? ఆ పాప మా ఊరి కాలేజీ పాప. అందరి ఫోటోలు అయినాయి, మాది లేదా?" అని జమ్మలమడుగాయప్ప మొగం ఎర్రగా చేసుకున్నాడు. న్యాయమే గదా మరి. టేబుల్ మీద కాగితం మళ్ళ తీసుకోని బయట మెట్ల మీదికొచ్చినాము. పైన బోర్డు పడేటట్టు నిలబడినాము. తీసుకునే ఆఫీసరు లేడు గాబట్టి కాగితాన్ని కెమెరాకే చూపించినాము. తొమ్మిది చేతులూ తగిలినాయి, ఎడమ చేతులు పిడికిలి బిగించి పైకి లేసినాయి. మూడింట్లో అదే శానా బాగా వచ్చింది. అంతలోకే ఆకలి. ఎవురో కారం దోశ అన్నారు. ఇంగ టపా ఎవురికి గుర్తుంటాది?

ఆ ఫోటో జమ్మలమడుగుది గాబట్టి, ఆయప్పే మళ్ళ లోపలికి పోయి ఇచ్చింటాడని నేననుకున్నా. నేను కార్యదర్శిని గాబట్టి నేనే ఇచ్చింటానని ఆయప్ప అనుకున్నాడు. అధ్యక్షుడు ఏమీ అనుకోల్యా, అనుకునేది ఆయప్ప పని గాదు. దోశలు మటుకు బాగుండినాయి, ఒక్కొక్కరం రెండు తిన్నాము.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ కింద మా వార్త వచ్చింది. దాన్ని ఫోటో తీసి ఆ పాపకు పంపినా. "ఇచ్చేసినాము మా. నిశ్చింతగా ఉండు," అని కింద రాసినా. రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగొచ్చింది. ఆ పాప ఆ వార్తను వాళ్ళమ్మకు చదివి వినిపించిందంట. ఆయమ్మ దాన్ని బళ్ళో టీచర్లకందరికీ చూపించిందంట.

తర్వాత వారానికొకసారి ఫోను చేస్తాండె. "ఏమన్నా తెలిసిందా అన్నా?" "ప్రాసెస్‌లో ఉండాది మా." ఆహా, ఏం మాటప్పా అది! చెప్పేవానికి ఏమీ తెలియకున్నా, వినేవాళ్ళకు యాడనో ఏదో జరుగుతాందనిపిస్తాది. మూడోసారి ఫోను చేసినప్పుడు, "నేనొకసారి పోయి కనుక్కోని వచ్చేదా?" అనింది. "వద్దు మా. కమిటీ పోయినాంక మళ్ళ నువ్వు విడిగా పోతే, మనకే మనమీద నమ్మకం లేదనుకుంటారు," అన్నా. ఎవురో చెప్పమంటే చెప్పిన మాట గాదది. నా సొంత తెలివే.

గడువు సోమవారం సాయంత్రం అయిదుకు. శనివారం పొద్దు వాలేటప్పుడు ఇంకేదో వినతిపత్రం రాసేదానికి లెటర్‌హెడ్ కావాల్సొచ్చింది. ఒకటన్నా మిగిలింటాదేమోనని నా ఫైలంతా తిరగేసినా. రెండు అట్టల నడుమ నుంచి జారిపడింది. నా చేతిరాత. ఏడు డిమాండ్లు. అంచుల నిండా వేళ్ళ మరకలు. ఎనక పిన్ను కొట్టిన కవరు, పెట్టింది పెట్టినట్టే. టపా ముద్ర లేదు, నంబరు లేదు. మెట్ల మీద ఫోటో అయినాంక ఎవురో నా ఫైల్లో దోపినారు. దోపింది నేనే అయినా అయ్యిండొచ్చు.

జమ్మలమడుగాయప్పకు ఫోను చేస్తే, "నేనేంది ఇచ్చేది? నువ్వు గదా కార్యదర్శివి!" అని ఎగిరినాడు. అధ్యక్షునికి చేసినా. ఆయప్ప నిదానంగా, "మామా, ఎవురికీ చెప్పొద్దు. కమిటీ ఇజ్జత్ పోతాది. యూనివర్సిటోళ్ళే పోగొట్టినారని సోమవారం గేటు కాడ ధర్నా పెడదాం. విద్యార్థుల వినతి చెత్తబుట్టలోకి అని హెడ్డింగు గూడా బాగుంటాది," అన్నాడు. సిగ్గిడిచి చెప్తాండా, ఒక్క నిమిషం నాకు గూడా ఆ హెడ్డింగు బాగుందనిపించింది.

"ధర్నా నువ్వు చేసుకోప్పా," అని పెట్టేసి ఆ పాపకు ఫోను చేసినా. "సోమవారం పొద్దున్నే కడపకు రా మా, నేను గూడా వస్తా. రొంత పని ఉండాది," అన్నా. ఏం పనో చెప్పల్యా. ఆదివారమంతా చెప్పల్యా. నాలుగు సార్లు ఫోను చేతిలోకి తీసుకున్నా, నాలుగు సార్లు పక్కన పెట్టినా. పిడికిలెత్తి అరిచేదానికి ఉండిన ధైర్యం ఆ పొద్దు యాడికి పాయనో.

సోమవారం కడప బస్టాండులో దిగీ దిగంగానే చెప్పేసినా. కాగితం ఇయ్యనే లేదని, నెల దినాల నుంచి నా ఫైల్లోనే ఉండాదని. తిడతాదనుకున్నా. తిట్టల్యా. "కవరు యాడుంది?" అనింది. తీసిచ్చినా. లోపల కాగితాలన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తిరగేసి చూసుకోని, "పద," అనింది.

కౌంటరు కాడ ఒక పెద్దామె ఉండింది. అర్జీ రాసివ్వమనింది. నేను అలవాటు కొద్దీ తెల్లకాగితం తీసి, "ఆర్యా, విద్యార్థుల భవిష్యత్తు దృష్ట్యా" అని మొదలుపెట్టినా. పాప నా చేతిలో పెన్ను లాక్కునింది. "ఇట్ల ఇయ్యి. నేను రాసుకుంటా." నాలుగే లైన్లు రాసింది. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఏ పేపరు మార్కులు ఎక్కలేదో, మెమో ఎందుకు కావాలో. పెద్దామె చదివింది. నిజంగానే చదివింది, నేను కండ్లారా చూసినా. ముద్ర కొట్టి, నంబరు వేసి, కాలేజీకి తానే ఫోను చేసింది.

"కాలేజోళ్ళు మార్కులెక్కించాల, తర్వాత సారు సంతకం గావాల. రెండు దినాల పనమ్మా. బుధవారం మెమో వస్తాది."

"గడువు ఈ పొద్దు సాయంత్రానికే మేడం."

"అయ్యో! శుక్రవారమన్నా వచ్చింటే చేసిచ్చింటిని గదమ్మా. ఇన్ని దినాలు ఏం చేస్తాండినావు?"

పాప పెన్నుకు మూత పెట్టి నా చేతిలో పెట్టింది. నా పక్క గూడా చూడల్యా. నేనే ఉరుక్కుంటా ఆఫీసరు గదిలోకి పోయి, సార్, ఈ పొద్దే సంతకం పెట్టండి సార్ అని బతిమాలినా. సారు నన్ను గుర్తుపట్టినాడు. "మార్కులెక్కకుండా నేను దేని మీద పెట్టాలప్పా సంతకం?" అన్నాడు. తర్వాత, "ఆ పొద్దు మీటింగు నుంచి వచ్చి చూస్తే టేబుల్ మీద మీ కాగితం లేకపాయ. మీకే అక్కర్లేదేమో అనుకున్నా," అన్నాడు. ఎగతాళికి అన్నట్టు గూడా లేదు, మామూలుగానే అన్నాడు. అయిదు దాకా ఆ వరండాలో కూసున్నాము. కాలేజీ నుంచి మార్కులు రాలేదు. అయిదయింది. పాప లేచి బయటికి పోయి వాళ్ళమ్మకు ఫోను చేసుకోని వచ్చింది.

బస్సులో నేను ఎనక సీట్లో కూసున్నా. వల్లూరు దాటినాంక పాప తల తిప్పింది.

"నువ్వు వద్దనకపోయింటే నేను మొదటి వారమే పోయింటి తమ్ముడూ. రెండు దినాల పనంట."

అంతే. మళ్ళ కిటికీ పక్క తిరిగింది. తమ్ముడూ అనింది చూడు, అది నాకు సూదిలా దిగింది. తప్పు ఒప్పుకుందామని నోట్లో ఏమేమో కూడబెట్టుకున్నా గానీ కమలాపురం వచ్చినా, ఎర్రగుంట్ల వచ్చినా ఒక్క మాట బయటికి రాల్యా. నేను ఎర్రగుంట్లలో దిగి ప్రొద్దుటూరు బస్సెక్కాల్సింది. దిగబుద్ధి గాల్యా, వాళ్ళ ఊరి దాకా పోయి వాళ్ళమ్మకన్నా నిజం చెప్పొద్దామనుకున్నా.

జమ్మలమడుగు బస్టాండులో వాళ్ళమ్మ నిలబడుండాది. వంట చేసి అట్లనే వచ్చినట్టుండాది, చీర కొంగుకు పసుపు మరకలు. కూతురి తల నిమిరి, నా పక్క తిరిగింది.

"నువ్వేనా నాయనా ఆ కమిటీ అబ్బి? గడువు దాటిపాయనంట గదా, పాప చెప్పింది. పోనీలే, నువ్వు మటుకు ఏం జేస్తావు? నెల దినాల నుంచి మా పాప కోసం తిరుగుతాండావు. సొంత అన్న గూడా తిరగడు. ఏదో ఒకటి తిన్యావా లేదా?"

కూతురు ఆయమ్మకు గడువు సంగతి చెప్పింది. నా సంగతి చెప్పల్యా. "అమ్మా, అది..." అని నోరు తెరిచినా. పాప నా పక్క చూసింది. ఆ చూపులో కోపం గూడా లేదు. "మన ఊరి ఆటో పోతాది మా, పా," అని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోని నడిచింది.

ఆటోలో కూసున్నాంక ఆయమ్మ తల బయటపెట్టి నన్ను పిలిచింది. దగ్గరికి పోయినా.

"నిన్న చర్చిలో మీ కమిటీ పిల్లోళ్ళ కోసం పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేపిచ్చినా నాయనా," అనింది. "అందరూ మోకాళ్ళ మీద ఉండి చేసినారు. వచ్చే ఆదివారం గూడా చేపిస్తా."

"సరే మా," అన్నా.